అకౌంట్స్ ఉద్యోగం పోయింది, మధ్యలో కాల్ సెంటర్‌లో చేరొచ్చా? చేతిలో 3 ఆఫర్లు, అమలాపురం వైపు

లంకపొలం:

అందరికీ నమస్కారమండి. బీకాం చదివాను. రొయ్యల ఎగుమతి కంపెనీలో నాలుగేళ్లు అకౌంట్స్ చూశాను: ట్యాలీ ఎంట్రీలు, చెరువుల దగ్గర కొన్న సరుకు బిల్లులు, జీఎస్టీ డేటా. అమెరికా సుంకాల దెబ్బకి కంటైనర్లు తగ్గి సెక్షన్‌లో సగం మందిని తీసేశారు. గ్రాస్ 19,500 ఉండేది, పీఎఫ్, ఈఎస్‌ఐ రెండూ కట్టేవారు. ఖాళీగా ఉండి రెండో నెల. ఇల్లు ముమ్మిడివరం దగ్గర.

మళ్లీ అకౌంట్స్‌లో దొరికేదాకా ఏదో ఒకటి చేద్దామని కాల్ సెంటర్లకి పెట్టాను. మూడు వచ్చాయి.

మొదటిది హైదరాబాద్. టెలికాం కస్టమర్ కేర్, తెలుగు ఇన్‌బౌండ్ (కస్టమర్లు చేసే కాల్స్ తీసుకోవడం), సీటీసీ (కంపెనీకి మన మీద ఏడాదికయ్యే మొత్తం ఖర్చు) 1,96,764. రెండోది కాకినాడలో లోన్ కలెక్షన్స్, చేతికి 13,000, ఆపైన ఇన్సెంటివ్. మూడోది ఇంటి నుంచే టెలికాలింగ్. ఫోన్ మనదే, సిమ్ మనదే. ల్యాప్‌టాప్ మాత్రం వాళ్లు పంపుతారట, దానికి డిపాజిట్ 4,500 కట్టమంటున్నారు, తర్వాత తిరిగిచ్చేస్తారట.

ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది, మాట్లాడటం అంతంతమాత్రం. మూడింట్లో ఏది నయమండి? రెజ్యూమెలో కాల్ సెంటర్ పేరు చూస్తే తర్వాత అకౌంట్స్ వాళ్లు పక్కన పెట్టేస్తారా?


హెడ్‌సెట్:

మూడోదాన్ని అసలు లెక్కలోకే తీసుకోకండి. ఉద్యోగం ఇచ్చేవాడు జీతం ఇస్తాడు గానీ మన దగ్గర డిపాజిట్ పుచ్చుకోడు. నిజంగా ల్యాప్‌టాప్ ఇచ్చే కంపెనీ సామాను అందినట్టు సంతకం చేయించుకుంటుంది. మానేసేటప్పుడు తిరిగివ్వకపోతే ఆఖరి లెక్కలో పట్టుకుంటుంది, అంతే. ఇక్కడ 4,500 కట్టాక కొరియర్ అని, ఇన్సూరెన్స్ అని ఇంకో మెసేజ్ వస్తుంది. అది కట్టాక ఇంకోటి. ఒకవేళ ఇప్పటికే కట్టేసి ఉంటే ఈ పోస్టు చదవడం ఆపి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే అవతలి ఖాతాలో అంత సొమ్ము ఆపగలుగుతారు.

డిపాజిట్ లేకపోయినా ఆ పని వద్దనే అంటాను, కారణం సొంత సిమ్. ప్రచార కాల్స్‌కి 140తో మొదలయ్యే నంబర్లు, బ్యాంకుల సర్వీసు కాల్స్‌కి 1600తో మొదలయ్యే నంబర్లు వేరుగా కేటాయించారు. మామూలు పది అంకెల నంబరు నుంచి ప్రచార కాల్స్ చేసేవాళ్ల మీద 2024 ఆగస్టులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ గట్టి ఆదేశం ఇచ్చింది: కనెక్షన్లన్నీ కట్ చేసి రెండేళ్ల దాకా బ్లాక్‌లిస్టులో పెట్టొచ్చు. రోజుకి 150 మందికి క్రెడిట్ కార్డు కావాలా అని ఫోన్ చేస్తే పది మందైనా ఫిర్యాదు చేస్తారు. పోయేది కంపెనీ నంబరు కాదు, మీ ఆధార్‌కి, బ్యాంకుకి, ఫోన్‌పేకి ముడిపడ్డ నంబరు.

దీనికి చుట్టాలు ఇంకొన్ని ఉన్నాయి, చదివేవాళ్లకి పనికొస్తాయని చెప్తున్నాను. "జీతం కోసం కొత్త ఖాతా తెరిచి ఏటీఎం కార్డు, సిమ్ మాకు పంపండి" అంటే దొంగసొమ్ము మీ ఖాతాలోంచి తిప్పడానికి. కేసు ఖాతాదారుడి మీదే పడుతుంది. "ఫారాలు నింపే పని, తప్పులు 10 శాతం దాటితే నష్టపరిహారం" అని అగ్రిమెంటు పెట్టి, వారం తర్వాత లాయర్ నోటీసు పేరుతో బెదిరించేది ఇంకోటి. బ్యాంకాక్ మీదుగా కంబోడియాలో డేటా ఎంట్రీ, టూరిస్టు వీసా చాలు అంటే అది మనిషిని అమ్మే బేరం. 2024లో విశాఖ పోలీసులు పట్టుకున్న ముఠా చేసింది అదే. వెళ్లినవాళ్ల పాస్‌పోర్టులు లాక్కుని సైబర్ మోసాల కాల్స్ చేయించారు.

ఇక కాకినాడ కలెక్షన్స్. ఇది దొంగ పని కాదు గానీ అన్నిట్లోకీ బరువైన పని. చేరేముందు రెండు సంగతులు అడగండి. ఒకటి, ఎన్ని రోజుల బకాయి ఇస్తారు? వాయిదా తేదీకి ముందు గుర్తుచేసే కాల్స్, 30 రోజుల్లోపు బకాయిలు అయితే మాట మర్యాదగా సాగిపోతుంది. 90 రోజులు దాటినవి ఎన్‌పీఏ, అంటే మొండిబాకీ. అక్కడ తిట్లు తినకుండా షిఫ్టు గడవదు. రెండు, ఇన్సెంటివ్‌కి గేటు ఎంత? "వసూలు శాతం ఇంత, క్వాలిటీ ఇంత, సెలవులు ఇన్నిలోపు" అని మూడు షరతులు పెట్టి, ఒక్కటి తప్పినా సున్నా ఇచ్చే చోట్లు బోలెడు. పోయిన మూడు నెలల్లో ఆ టీంలో మధ్యరకం పనివాడికి ఎంత వచ్చిందో అడగండి. అందరికంటే ఎక్కువ వచ్చినవాడి స్లిప్పు చూపిస్తే నమ్మకండి.

రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు ఉత్తర్వు ప్రకారం ఉదయం 8కి ముందు, రాత్రి 7 దాటాక బాకీ కోసం ఫోన్ చేయకూడదు. చుట్టాలకీ స్నేహితులకీ ఫోన్ చేసి పరువు తీయకూడదు. రికవరీ ఏజెంట్లకి, బ్యాంకింగ్ పరీక్షలు పెట్టే ఐఐబీఎఫ్ సంస్థ వారి డీఆర్ఏ (బాకీ వసూలు ఏజెంటు) సర్టిఫికెట్ కావాలి. దానికి శిక్షణ డిగ్రీ ఉన్నవాళ్లకి 50 గంటలు, లేనివాళ్లకి 100 గంటలు. "సర్టిఫికెట్ తర్వాత చూద్దాం, రాత్రి 9కి కూడా కొట్టు" అనే ఆఫీసైతే మెట్లు దిగేయండి. ఇంకో మాట, కాకినాడలో కూర్చుని తెలుగు లిస్టు డయల్ చేస్తుంటే మీ మండలం వాళ్ల పేర్లే తగులుతాయి. దాన్ని తట్టుకోగలరో లేదో మీకే తెలియాలి.


గట్టుమీద:

హైదరాబాద్ ఆఫర్ అంకె చూసి నెలకి 16,400 అనుకోకండి. సీటీసీలో కంపెనీ కట్టే వాటాలు కూడా కలిపేస్తారు. మీరిచ్చిన అంకెకి సరిపోయే ఒక విడగొట్టుడు ఇదిగో, ఆఫర్ లెటర్ వెనక పేజీలో ఉన్న పట్టికతో పోల్చుకోండి.

గ్రాస్ 14,500, అందులో బేసిక్ 8,000 అనుకుందాం. కంపెనీ వైపు పీఎఫ్ ఖర్చులతో కలిపి బేసిక్ మీద 13 శాతం, అంటే 1,040. ఈఎస్‌ఐ గ్రాస్ మీద 3.25 శాతం, 472. గ్రాట్యుటీ 4.81 శాతం, 385. మొత్తం 16,397, దాన్ని 12తో హెచ్చిస్తే మీ 1,96,764 వచ్చేసింది. ఇప్పుడు గ్రాస్‌లోంచి మీ వాటా కోత: పీఎఫ్ 12 శాతం 960, ఈఎస్‌ఐ 0.75 శాతం 109. వృత్తి పన్ను 15,000 దాకా లేదు. చేతికొచ్చేది 13,431. పర్మినెంటు ఉద్యోగికి గ్రాట్యుటీ ఐదేళ్లు ఉంటేనే మాట, మధ్యలో తాత్కాలికంగా చేరేవాడికి అది కాగితం మీది సొమ్ము.

అందులోంచి భోజనంతో ముగ్గురు నలుగురు ఉండే హాస్టల్‌కి 6,500 నుంచి 7,500 తీయండి, బస్సో మెట్రోనో 1,500, రీఛార్జి, టిఫిన్లు, సబ్బులు 1,500. మిగిలేది మూడు, మూడున్నర వేలు. నెలకోసారి ఇంటికొస్తే అదీ సగమే. మీకు రైలెక్కాలంటే ముందు కాకినాడో రాజమండ్రో పోవాలి, లేదా బస్సు. పండగ వారంలో ప్రైవేటు బస్సు టికెట్ ధర చూస్తే నెల మిగులు ఒక్క ప్రయాణానికి చాలదు.

మొదటి జీతం దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. జీతాల లెక్క 20వ తేదీకో 25కో మూసేస్తారు. 22న చేరితే ఆ పది రోజుల డబ్బు తర్వాతి నెల జీతంతో కలిపి వస్తుంది. మధ్యలో హాస్టల్ అడ్వాన్సు ఒకటి. కాబట్టి 45 రోజులకి సరిపడా, తక్కువలో తక్కువ 15,000 చేతిలో పెట్టుకుని బండెక్కండి. ట్రైనింగ్ రోజులకి పూర్తి జీతమా, స్టైపెండా, అసలు లేదా అనేది లెటర్‌లో రాయించుకోండి. చాలాచోట్ల "ట్రైనింగ్‌లో మానేస్తే, సర్టిఫికేషన్ పరీక్ష తప్పితే ఏమీ రాదు" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అసలు సర్టిఫికెట్లు చూపించండి, ఇవ్వకండి. ఖాళీ చెక్కు అస్సలు ఇవ్వకండి.

కాకినాడ 13,000కి మండపేట, రామచంద్రపురం వాళ్లయితే రోజూ పోయిరావచ్చు. మీకు ముమ్మిడివరం నుంచి యానాం మీదుగా రోజూ రాకపోకలు ఒళ్లు హూనం, గది తీసుకోవాలి. అయినా ఖర్చు హైదరాబాద్‌లో సగమే. మిగులు మాత్రమే చూస్తే కాకినాడదే పైచేయి, పని చూస్తే హెడ్‌సెట్ గారు చెప్పిందే.


చిట్టాపద్దు:

అందరూ మూడు ఆఫర్ల గురించే మాట్లాడుతున్నారు. నాలుగేళ్లు కొనుగోలు బిల్లులు చూసిన మనిషి వాయిస్‌కి (ఫోన్ మాట్లాడే పనికి) ఎందుకు పోవాలి తమ్ముడూ? బీపీవోల్లో (వేరే కంపెనీల పని చేసిపెట్టే సంస్థల్లో) ఎఫ్ అండ్ ఏ అని వేరే విభాగం ఉంటుంది, ఫైనాన్స్ అకౌంట్స్ పని. పీ టూ పీ అంటే కొనుగోలు ఆర్డరు నుంచి చెల్లింపు దాకా. చెరువు దగ్గర తూకం చీటీ, కొనుగోలు ఆర్డరు, బిల్లు మూడూ సరిపోల్చి పాస్ చేశారుగా, దాన్నే వాళ్లు త్రీ వే మ్యాచ్ అంటారు. ఓ టూ సీ అంటే కస్టమర్ల వైపు రాబడి. ఆర్ టూ ఆర్ అంటే నెలాఖరు ముగింపు ఎంట్రీలు. ఫోన్ మాట్లాడే పని తక్కువ, ఈమెయిల్ ఇంగ్లిష్ వస్తే చాలు. హైదరాబాద్‌లో చాలా ఉన్నాయి, విశాఖలోనూ ఉన్నాయి.

ఇంటర్వ్యూలో అడిగేవి: ప్రీపెయిడ్ ఖర్చుకి, ఔట్‌స్టాండింగ్ ఖర్చుకి ఎంట్రీ వేయండి, డెబిట్ నోట్ ఎప్పుడు ఇస్తారు, ఒకే బిల్లు రెండుసార్లు చెల్లించకుండా ఎలా పట్టుకుంటారు, బ్యాంకు రీకన్సిలియేషన్‌లో తేడా ఎక్కడ వెతుకుతారు. ఎక్సెల్‌లో వీలుకప్ (ఒక పట్టికలోంచి వివరం వెతికి తెచ్చే ఫార్ములా), పివట్ టేబుల్, సమ్ ఇఫ్ చేతికి రావాలి. మన వైపు అకౌంటెంట్లు ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ట్యాలీ కళ్లు మూసుకుని చేస్తారు, ఎక్సెల్‌లో వీలుకప్ అడిగితే చేయి ఆగిపోతుంది. పది రోజులు కూర్చుంటే వచ్చే పని.

ఇంకోటి, ఎవరూ ఎత్తనిది. మీ జీతం 21,000 లోపు, ఈఎస్‌ఐ కట్టారు, ఉద్యోగం మీరు మానలేదు, వాళ్లే తీసేశారు. అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని ఈఎస్‌ఐలోనే ఒక పథకం ఉంది. సగటు రోజు వేతనంలో 50 శాతం, 90 రోజుల దాకా ఇస్తారు. జీవితంలో ఒక్కసారే. మీ 19,500కి రోజుకి 650 చొప్పున సగం 325, మొత్తం 29,000 పైచిలుకు. ఉద్యోగం పోయిన 30 రోజుల తర్వాత క్లెయిం పెట్టుకోవాలి, పనిలేని రోజులకే లెక్క. ఉద్యోగం పోకముందు చందా కాలంలో కనీసం 78 రోజుల చందా పడి ఉండాలి. గడువులు, సడలింపులు పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, తొలగించిన ఉత్తరం పట్టుకుని ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసుకి ఈ వారమే వెళ్లండి. దుష్ప్రవర్తన అని రాసి తీసేసినా, స్వచ్ఛంద విరమణ అన్నా రాదు. అందుకే పాత కంపెనీ "రాజీనామా ఇచ్చేయ్, మంచి రిలీవింగ్ లెటర్ ఇస్తాం" అంటే సంతకం పెట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఈలోగా ఊళ్లో ఆడిటర్ ఆఫీసులు చూడండి. జీఎస్టీ రిటర్నుల గడువు జీఎస్టీఆర్ 1కి 11వ తేదీ, 3బీకి 20వ తేదీ. ఆ పది రోజులు వాళ్లకి మనిషి ఎప్పుడూ తక్కువే. నెల జీతం కాకపోయినా ఫైలుకి ఇంత అని ఇస్తారు. పైగా రెజ్యూమెలో అకౌంట్స్ గొలుసు తెగదు.


హెడ్‌సెట్:

చిట్టాపద్దు గారూ, మాట ఒప్పుకుంటాను గానీ టైం చూడండి. ఎఫ్ అండ్ ఏ వాళ్లు టెస్టు, రెండు రౌండ్లు, పాత కంపెనీ వెరిఫికేషన్ అని నెల, నెలన్నర లాగుతారు. తెలుగు వాయిస్ వాళ్లు సోమవారం మాట్లాడి గురువారం ట్రైనింగ్‌లో కూర్చోబెడతారు. కూడూ గుడ్డా ఇవాళ్టి సమస్య అయితే వాయిస్‌లో చేరి ఎఫ్ అండ్ ఏ వెతుక్కోవాలి. పథకం సొమ్ము వచ్చే అవకాశం ఉంటే మాత్రం మీరన్న వరసే సరి, ఎందుకంటే ఉద్యోగంలో చేరిన రోజుతో అది ఆగిపోతుంది.


చిట్టాపద్దు:

ఆ వరస గురించే అంటున్నాను. 29,000 ఇంట్లో కూర్చుంటే వచ్చే చోట, మూడు వేలు మిగిలే ఉద్యోగానికి పరుగెత్తడం ఎందుకు?

పీఎఫ్ సంగతి కూడా చెప్పేస్తాను, వెరిఫికేషన్‌లో తేలేది అక్కడే. ఎక్కడ చేరినా పాత యూఏఎన్ (పీఎఫ్ ఖాతాలన్నిటికీ ఉమ్మడి) నంబరే ఇవ్వండి, "లేదు" అని రాసి కొత్తది తీయించుకోకండి, తర్వాత రెండూ కలపడానికి తిరగాలి. పాస్‌బుక్‌లో పాత కంపెనీ బయటికొచ్చిన తేదీ పడిందో లేదో చూసుకోండి. వాళ్లు వేయకపోతే ఆఖరి చందా పడిన రెండు నెలల తర్వాత మీరే పోర్టల్లో వేసుకోవచ్చు. వేయకుండా కొత్తచోట చేరితే ఒకే నెలలో రెండు ఉద్యోగాలు చేసినట్టు కనిపిస్తుంది. కాల్ సెంటర్లో పీఎఫ్ పడితే అది రెజ్యూమెలో దాచకూడదు, వెరిఫికేషన్ వాళ్లకి తేదీలతో సహా కనపడుతుంది. దాచడమే తప్పుగా చూస్తారు గానీ చేయడం కాదు. "బిల్లింగ్ ఫిర్యాదులు, రీఫండ్లు, చెల్లింపుల సరిచూపు" అని నిజంగా చేసిన పని రాస్తే అకౌంట్స్ వాడికి అర్థమవుతుంది.


క్వాలిటీకాకి:

చేరాలనే అనుకుంటే లోపల ఎలా ఉంటుందో తెలిసి వెళ్లాలి కదా. తెలుగు ఇన్‌బౌండ్ గురించి చెప్తాను.

షిఫ్టు 9 గంటలు, అందులో గంట విరామం, మామూలుగా 15 నిమిషాలు రెండు, అరగంట ఒకటి. మిగిలిన 480 నిమిషాలూ లాగిన్‌లో ఉండాలి. కొలిచేది ఏహెచ్‌టీ, అంటే ఒక్కో కాల్‌కి పట్టే సగటు సమయం. మాట్లాడిన సేపు, హోల్డ్‌లో పెట్టిన సేపు, కాల్ అయ్యాక ఎంట్రీ వేసిన సేపు కలిపితే వచ్చేది. టార్గెట్ 5 నిమిషాలనుకుంటే, వంద నిమిషాల్లో 85 నిమిషాలు పని తగులుతుందనుకుంటే 480లో 408 నిమిషాలు, అంటే రోజుకి 80 కాల్స్ పైమాటే. ఈ లెక్క ముందే తెలిసినవాడు మూడో రోజు పారిపోడు.

కొత్తవాళ్ల ఏహెచ్‌టీ పెరిగేది మాట్లాడటం వల్ల కాదు, ఎంట్రీని కాల్ అయ్యేదాకా ఆపడం వల్ల. కస్టమర్ చెబుతుండగానే నోట్స్ టైప్ చేయాలి, మీరు పరిష్కారం చెప్పేలోపు ట్యాగ్ ఎంచుకోవాలి, చివర సేవ్ ఒక్కటే మిగలాలి. అందుకే టైపింగ్ నిమిషానికి 25, 30 పదాలు తప్పుల్లేకుండా వచ్చాకే వెళ్లండి. అకౌంట్స్ వాళ్లకి నంబర్ ప్యాడ్ మీద చెయ్యి తిరిగి ఉంటుంది, అది కలిసొస్తుంది.

క్వాలిటీ మార్కుల్లో ఫేటల్ అనేది వేరు. అది పడితే కాల్ మొత్తానికి సున్నా. పేరు, నంబరు సరిచూడకుండా ఖాతా వివరాలు చెప్పేయడం, ఓటీపీ, పిన్ అడగడం, విసుక్కోవడం, కాల్ మీరే కట్ చేయడం, చేయని పని చేశామని ఎంట్రీ వేయడం. ఫేటల్స్‌లో ఎక్కువ భాగం మొదటి దాంట్లోనే పడతాయి. "మా ఆవిడ నంబరండి, నేనే వాడతాను, కాస్త చూడండి" అనగానే మన గోదారి జిల్లాల మొహమాటం అడ్డొచ్చి చెప్పేస్తారు. ఖాతాదారుని లైన్‌లోకి పిలిపించాలి, లేదా మర్యాదగా కుదరదనాలి.

హోల్డ్ పెట్టేముందు అడగాలి, ఎంతసేపో చెప్పాలి, చెప్పిన సమయానికి తిరిగి రావాలి. పని అవ్వకపోయినా వచ్చి ఇంకో నిమిషం అడగాలి. హోల్డ్ పెట్టకుండా మాట్లాడకుండా ఉండిపోతే దాన్ని డెడ్ ఎయిర్ అంటారు, పది సెకన్లు దాటితే మార్కులు పోతాయి. "సిస్టంలో మీ రీఛార్జి వివరం తెరుస్తున్నానండి" అని చేసే పనే పైకి చెబుతూ ఉంటే సరిపోతుంది.

భాష. మనవాళ్ల "అండి" ఈ పనిలో ఆస్తి, ట్రైనింగ్‌లో మిగతావాళ్లకి నేర్పాల్సింది మనకి పుట్టుకతో వస్తుంది. చిక్కు రెండు చోట్ల. వేగం ఒకటి, "ఏంటండలాగంటారు" అని ఒకే ముక్కగా చెబితే ఆదిలాబాద్ కస్టమర్‌కి అందదు. ఇంకోటి వినడం. తెలుగు క్యూలో తెలంగాణ కాల్స్ చాలా వస్తాయి. "రీఛార్జ్ కొట్టిన, పైసల్ కటైనయ్, ప్యాక్ పడలే" అంటే వెంటనే అందుకోవాలి, రెండోసారి చెప్పించకూడదు. వాళ్ల యాసని అనుకరించి జవాబివ్వకండి, వెక్కిరించినట్టుంటుంది. మీ మాటలోనే నిదానంగా చెప్పండి. అంకెలు మాత్రం ఇంగ్లిష్‌లోనే, రెండేసి విడగొట్టి చదివి మళ్లీ చెప్పించుకోండి. "ఆయ్" అని ఊకొట్టడం ఇంటికి దాచుకోండి, "అవునండి" అనండి.

గొంతు రెండో వారంలో పోతుంది. మైకు పెదవికి రెండు వేళ్ల దూరంలో, కాస్త కిందికి ఉంటే గట్టిగా మాట్లాడే పనుండదు, ఊపిరి చప్పుడు కూడా పడదు. చల్లనీళ్లు కాదు, మామూలు నీళ్లు కాల్‌కి కాల్‌కి మధ్య గుటకేయండి. బొంగురుపోయినప్పుడు గుసగుసగా మాట్లాడితే ఇంకా పాడవుతుంది. చెవిలో సౌండు సగానికి మించి పెట్టకండి.

ఇంగ్లిష్ వాయిస్ వాళ్లు పెట్టే వెర్సంట్ పరీక్ష మీకిప్పుడు అక్కర్లేదు. అది కంప్యూటరే మార్కులు వేసే పరీక్ష, విన్న వాక్యం తిరిగి చెప్పడం, విడిపదాలతో వాక్యం కట్టడం, కథ విని మళ్లీ చెప్పడం ఉంటాయి. అలవాటు లేకుండా కూర్చుంటే బాగా మాట్లాడేవాళ్లకీ తక్కువ వస్తుంది.


రేవుదాటి:

మధ్యలో దూరుతున్నాను. మా సఖినేటిపల్లి వైపు కొందరు ఆడపిల్లలకి పేరున్న కంపెనీలోనే ఇంటి నుంచి పని వచ్చింది, డిపాజిట్ లాంటిదేం లేదు, ల్యాప్‌టాప్ వాళ్లే ఇచ్చారు. నెట్, కరెంటు మనమే చూసుకోవాలట. ఇక్కడ నిలబడుతుందా?


ఫైబర్‌తీగ:

నిలబెట్టొచ్చు, కానీ అందరూ స్పీడు చూసి మోసపోతారు. ఒక కాల్‌కి సెకనుకి 100 కిలోబిట్లు చాలు. 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా ప్యాకెట్లు పోతుంటే మాట తెగుతుంది. చూడాల్సింది లేటెన్సీ (మాట అవతలికి చేరే ఆలస్యం) 150 మిల్లీసెకన్లలోపు, జిట్టర్ (ఆ ఆలస్యంలో హెచ్చుతగ్గులు) 30లోపు, ప్యాకెట్ లాస్ (దారిలో పోయే డేటా ముక్కలు) 1 శాతంలోపు. సాయంత్రం 7 నుంచి 10 మధ్య, ఊరంతా సినిమాలు చూసే వేళ పరీక్షించండి, పొద్దున్న పరీక్షిస్తే అన్ని లైన్లూ బంగారమే. ల్యాప్‌టాప్‌కి రౌటర్ నుంచి కేబుల్ లాగండి, వైఫై మీద కాల్స్ వద్దు. సగం ఫిర్యాదులు ఆ కేబుల్‌తో పోతాయి.

కరెంటు: ల్యాప్‌టాప్ 60 వాట్లు, రౌటర్, ఫైబర్ డబ్బా కలిపి 20, లైటు 10, ఫ్యాను 70, మొత్తం 160. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో 1,800 వాట్ అవర్లు ఉంటాయి, ఇన్వర్టర్ నష్టం తీసి, బ్యాటరీ పూర్తిగా ఖాళీ చేయకుండా చూస్తే చేతికి 1,100 వస్తుంది, అంటే ఏడు గంటల దగ్గర. నాలుగేళ్ల పాత బ్యాటరీ అయితే అందులో సగం అనుకోండి.

అసలు గండం మీ ఇంట్లో ఉండదు. మీ ఇన్వర్టర్ నడుస్తున్నా కేబుల్ ఆపరేటర్ దగ్గర, వీధి చివర స్విచ్ డబ్బా దగ్గర బ్యాకప్ లేకపోతే నెట్ పోతుంది. కనెక్షన్ తీసుకునే ముందు ఆపరేటర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న అదే: కరెంటు పోయాక మీ దగ్గర ఎన్ని గంటలు నడుస్తుంది? రెండో లైను వేరే కంపెనీది, వేరే తీగ మీద వచ్చేది ఉండాలి. ఫోన్ హాట్‌స్పాట్ ఆపద్ధర్మమే, కంపెనీ వీపీఎన్ ఒప్పుకుంటుందో లేదో ముందే అడగండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను రోజులు లెక్కేసుకోండి, కొబ్బరిచెట్టు తీగ మీద పడితే రెండు రోజులు ఎవరూ రారు. ఆ రోజులు జీతం కోతా, సెలవా అనేది చేరేముందే మెయిల్‌లో రాయించుకోవాలి.

చప్పుడు ఇంకోటి. తలుపున్న గది కావాలి. కోడికూత, బోరు మోటారు, కార్తీకమాసంలో గుడి మైకు కాల్‌లో పడితే క్వాలిటీ మార్కులు పోతాయి. కిటికీకి దుప్పటి కట్టి, గోడ వైపు తిరిగి కూర్చుంటే చాలా తగ్గుతుంది.

డెల్టాలో కూర్చుని ఇలాంటి పని చేయడం కొత్తేమీ కాదు లెండి. 2005 ప్రాంతంలోనే బైర్రాజు ఫౌండేషన్ గ్రామ్‌ఐటీ పేరుతో జల్లికాకినాడలో పల్లె బీపీవో నడిపింది.


లంకపొలం:

అందరికీ చాలా థాంక్స్ అండి. డిపాజిట్ కట్టలేదు, వాళ్ల నంబరు బ్లాక్ చేశాను. తొలగించిన ఉత్తరం ఉంది, దాంట్లో "వ్యాపారం తగ్గినందున" అనే రాశారు. సోమవారం ఈఎస్‌ఐ ఆఫీసుకి వెళ్తాను. వీలుకప్ నిజంగానే రాదు, మొదలుపెట్టాను.

ఆ సొమ్ము రాకపోతే హైదరాబాద్ వాయిస్‌లో చేరక తప్పదు. అప్పుడు పని చేస్తూనే ఇంటర్వ్యూలకి వెళ్లడం కుదురుతుందా?


హెడ్‌సెట్:

కుదురుతుంది, రోస్టర్ (షిఫ్టులు, వారపు సెలవుల పట్టిక) తెలివిగా అడిగితే. కొత్తవాళ్లందరూ ఆదివారం సెలవు కోసం కొట్టుకుంటారు. మీరు మంగళవారమో బుధవారమో అడగండి, టీం లీడర్ సంతోషంగా ఇస్తాడు. అకౌంట్స్ ఇంటర్వ్యూలు పనిరోజుల్లోనే ఉంటాయి. షిఫ్టు ఎంచుకునే వీలుంటే ఉదయం 7 నుంచి 4. సాయంత్రం 5కి ఆన్‌లైన్ రౌండు పెట్టించుకోవచ్చు.

ఫ్లోర్ మీదకి ఫోన్ రానివ్వరు, లాకర్లో పెట్టాలి. రిక్రూటర్ రెండుసార్లు చేసి తీయకపోతే పేరు కొట్టేస్తాడు. జాబ్ పోర్టల్ ప్రొఫైల్ మొదటి వరసలోనే "సాయంత్రం 4.30 తర్వాత ఫోన్, అంతకుముందు ఈమెయిల్" అని పెట్టండి, విరామంలో మెయిల్ చూసుకోండి.

నోటీసు పీరియడ్ ప్రొబేషన్‌లో ఎన్ని రోజులో లెటర్‌లో చూడండి, 15 అయితే మంచిది, 30 దాటితే తగ్గించమని చేరేముందే అడగండి. కొత్త ఉద్యోగం దొరికిందని చెప్పాపెట్టకుండా మానేయకండి. అబ్‌స్కాండ్ అని రాస్తే రిలీవింగ్ లెటర్ రాదు, ఎఫ్ అండ్ ఏ వెరిఫికేషన్‌లో అదే తగులుకుంటుంది. పోర్టల్లో రాజీనామా పెట్టి, హెడ్‌సెట్, ఐడీ కార్డు అప్పజెప్పి రసీదు తీసుకోండి.


చిట్టాపద్దు:

ఈఎస్‌ఐ ఆఫీసుకి వెళ్లేటప్పుడు ఉత్తరం జిరాక్సులు రెండు పట్టుకెళ్లండి, ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. పీఎఫ్ పాస్‌బుక్‌లో బయటికొచ్చిన తేదీ, ఉత్తరంలో తేదీ ఒకటేనా చూసుకోండి. తేడా ఉంటే ముందు పాత కంపెనీ హెచ్‌ఆర్‌తో అది సరిచేయించండి, తర్వాతే క్లెయిం పెట్టండి.